చెంచోకి వేసిన వేషం

పత్రికలో వేసిన ఆ ఫోటో చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తలకి హెల్మెట్, కళ్ళకి నల్లద్దాలు, మూతికి గుడ్డ, ఛాతీ నిండా తూటా దూరని పలకల జాకెట్టు, దాని మీద అడ్డంగా తుపాకి. కింద మా చెంచో పేరు. అందులో చెంచో ఎక్కడున్నాడయ్యా? ఆ గుడ్డ వెనక ఎవడైనా ఉండొచ్చు. అందుకే ఆ మనిషి ఎవరో నేనే చెబుతాను. చెప్పాల్సినవాళ్ళు ఎలాగూ చెప్పరు.

అసలు పేరు ఫిదెన్సియో బర్రెరా. ఆ పేరుతో పిలిచినవాళ్ళు సరిహద్దు నది పక్కనున్న మా పాల్మా సెకా ఊళ్ళో ఎవరూ లేరు. పెద్దవాళ్ళకి డాన్ చెంచో, బడి పిల్లలకి చెంచో మామ. నేను ఆయన కూతురు దాలియాకి బాప్తిస్మం నాడు నిలబడ్డ జ్ఞానతల్లిని, కాబట్టి మా ఆచారం ప్రకారం ఆయన నాకు కొంపాద్రే, నేను ఆయనకి కొమాద్రే. తోడబుట్టినవాళ్ళతో తెగతెంపులు చేసుకోవచ్చు గానీ కొంపాద్రేతో మాత్రం కుదరదు. నా పేరు ఒరాలియా. ఆయన కాపలా కాసిన హైస్కూలు వంటశాలలో ఏళ్ళ తరబడి బీన్స్ ఉడకబెడుతున్నాను.

బడి వెనకాల కాలవ ఉంది. నది నుంచి ఉల్లి తోటలకీ చెరకు తోటలకీ నీళ్ళు తెచ్చే కాలవ. రెండు పక్కలా ఏటవాలు సిమెంటు, దాని మీద నాచు. పైకి చూస్తే నిద్రపోతున్నట్టే ఉంటుంది, దిగితే తెలుస్తుంది. చెంచో కుర్రతనంలో ఆ కాలవ తూములు ఎత్తే పని చేసేవాడు. ఓ వేసవిలో అన్నాచెల్లెళ్ళు ఇద్దరు అందులో పడ్డారు. గట్టున నలుగురు కేకలు పెడుతుంటే చెంచో మాత్రం కింద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడట. "వీడికి మతి పోయిందా" అని జనం తిట్టారు. బూట్లు విప్పి, చొక్కా పీకి పారేసి, అప్పుడు దూకాడు. ఇద్దర్నీ తెచ్చాడు.

"బట్టలు నీళ్ళు తాగితే మనిషిని లాగేస్తాయి కొమాద్రే. ముందు బూట్లు, తర్వాతే దేవుడు" అనేవాడు.

దాంతో అప్పటి ప్రిన్సిపాల్ ఆయన్ని బడికి కాపలా పెట్టుకున్నాడు. తర్వాత మా బడులకి సొంత పోలీసు శాఖ వచ్చినప్పుడు ఆ కాపలావాడికే బ్యాడ్జీ పెట్టారు. నడుముకి పిస్తోలు ఉండేది. దాన్ని ఒరలోంచి తీయగా నేను చూడలేదు. "అందులో సాలీడు కాపురం పెట్టుంటుంది, చూసుకో" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పని చేసే తీరు వేరు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, నడక చూసి చెప్పేవాడు ఏ పిల్ల ఇంట్లో రాత్రి గొడవైందో, ఏ పిల్లాడు తినకుండా వచ్చాడో. తినకుండా వచ్చినవాణ్ణి నా కిటికీ దగ్గరికి తోలేవాడు. ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్ళి వాళ్ళమ్మల పేర్లు చెప్పేవాడు, అంతే. వెంటనే చేతులు కిందికి దిగేవి. ఒకసారి జిమ్ వెనక సిగరెట్ తాగుతున్న కుర్రాణ్ణి చెవి పట్టుకుని తెచ్చి నా గిన్నెలన్నీ తోమించాడు. ఆ కుర్రాడు రోనీ పెసీనా. ఇప్పుడు మా బడి పోలీసులందరికీ వాడే చీఫ్.

ఇక తాడు. బడి హద్దు దగ్గర కాలవకి అడ్డంగా, నీటి మట్టానికి ఒక లావుపాటి తాడు కట్టాడు, మధ్యమధ్య ఖాళీ పాల డబ్బాలు కట్టి. ఎవరూ కట్టమనలేదు. ప్రతి ఆగస్టులో బడి తెరిచే ముందు పాతది తీసేసి కొత్తది కట్టేవాడు. కొత్తగా చేరిన పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్ళి పాఠం చెప్పేవాడు.

"పడితే నీళ్ళతో పోట్లాడకండి. మొహం పైకి పెట్టి పడుకోండి, అదే మోసుకెళ్తుంది. తాడు తగులుతుంది. పట్టుకోండి. నేనొస్తా."

కొన్నేళ్ళుగా తాడు కట్టేటప్పుడు అవతలి గట్టున కొస పట్టుకునేవాడు ఎలియూద్ అనే పిల్లాడు. ఉల్లిపాయల షెడ్డులో మూటలు కట్టే ఫెలా కొడుకు. ఫెలాకి ఈ దేశంలో ఉండే కాగితాలు లేవు. నది అవతలి దేశం నుంచి దాటి వచ్చిన మనిషి. మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో అలాంటివాళ్ళు ఒక్కరైనా ఉంటారు, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఎలియూద్‌కి తండ్రి లేడు. చెంచో వాడి వెంట పడి చదివించాడు. వాడు ఆఖరి తరగతికి వచ్చాడంటే అది చెంచో పోరు పడలేకే.

అంతా బాగానే ఉండేది. తర్వాత ఎక్కడో దూరపు ఊళ్ళో ఎవడో దుర్మార్గుడు బడిలో చొరబడి పసిపిల్లల్ని కాల్చేశాడు. మా ఊళ్ళో తల్లులకి నిద్ర పోయింది. నాకూ పోయింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? సైన్యం వాడేసిన సామాను బడి పోలీసులకి ఊరికే ఇస్తారని పెసీనా కనుక్కున్నాడు. షరతులు రెండే, తీసుకున్నది ఏడాదిలోపు వాడి చూపించాలి, లేకపోతే వెనక్కి. ఒక సామాను పోయినా మొత్తం వెనక్కి. లారీల్లో దిగింది సరుకు. రైఫిళ్ళు, హెల్మెట్లు, పలకల జాకెట్లు, మందుపాతర పేలినా చెక్కుచెదరని ఒక బండి. ఆ బండి పక్కన మా బడి బస్సు పిల్లల బొమ్మలా కనిపించింది.

ఉంచుకోవాలా వద్దా అని తేల్చడానికి మా భోజనాల హాల్లోనే మీటింగు పెట్టారు. చెంచో వద్దన్నాడు. తోమాసా పెద్దమ్మ లేచింది. ఆవిడ ముగ్గురు మనవలు ఇక్కడే చదువుతున్నారు.

"చెంచో, నువ్వు మంచోడివే నాయనా, ఎవరు కాదన్నారు? రేపు ఆ వెధవలాంటోడు ఒకడు మన బడిలోకి వస్తే నీ విజిలు తూటాని ఆపుద్దా? నీ తాడు ఆపుద్దా? చెప్పు."

చెంచో టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఆపవు పెద్దమ్మా" అన్నాడు. "నా దగ్గర దానికి జవాబు లేదు. కానీ మన ఊళ్ళో ఈ వేషంలో తిరిగేది ఎవరో మీకు తెలీదా? నది దగ్గర సైనికులు. కాగితాలు లేవని ఇళ్ళకొచ్చి మనుషుల్ని పట్టుకుపోయేవాళ్ళు. వాళ్ళని చూస్తే మన పిల్లలు మంచాల కిందికి దూరతారు. అదే వేషంలో నేను గేటు దగ్గర నిలబడితే నేనెవరో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అదేంటి మామా, మీ బొజ్జ చూస్తే తెలీదా?" అన్నాడు పెసీనా. అందరూ నవ్వారు. చెంచో కూడా నవ్వాడు. చేతులెత్తమంటే ఉంచుకోవాలనేవాళ్ళే ఎక్కువ తేలారు.

బయట కార్ల దగ్గర నాతో అన్నాడు: "పిల్లలెవరైనా నన్ను చూసి పారిపోయిన రోజు ఈ బ్యాడ్జీ తీసి వాడి బల్ల మీద పడేస్తా కొమాద్రే."

"ఆ రోజు దాకా ఎందుకు? ఇప్పుడే పడెయ్. ఇంట్లో కూర్చుని నిమ్మచెట్లకి నీళ్ళు పోసుకో."

"నేను పోతే నా బదులు ఎవడొస్తాడు? పిల్లల పేర్లు తెలీనోడు. వాడి చేతిలో ఆ తుపాకి ఉంటుంది. నేనుంటే ముందు నేను వెళ్తా. తుపాకి నా వెనక వస్తుంది."

ఆ మాట మీదే ఉండిపోయాడు. నేను ఎంత నోరు పారేసుకున్నా కదల్లేదు. అరవై దాటిన మనిషి పట్టుదలగా పోయి ఆ రైఫిలు కాల్చడం నేర్చుకుని, పరీక్ష పాసై వచ్చాడు.

మొదటిసారి ఆ వేషంలో నా వంటశాలకి వచ్చినప్పుడు నవ్వలేక చచ్చాను. కిటికీలోంచి వంగి టాకో రొట్టె అందుకోలేకపోయాడు. జాకెట్టులో ముందూ వెనకా ఇనపముక్కల్లాంటి పలకలు, పక్కలకి పట్టీలు, రైఫిలు జారిపోకుండా జాకెట్టుకే ఒక కొక్కెం. విప్పుకోవడానికి ఆయాసపడిపోయేవాడు. "కొమాద్రే, ఈ పట్టీ చెవి కాస్త లాగి పుణ్యం కట్టుకో" అనేవాడు. నేను లాగేదాన్ని. ఆ పక్క చిన్నపిల్లల బడికి ఒకరోజు అలాగే వెళ్తే ఒక పాప గుక్కపట్టి ఏడ్చిందట. ఆ సాయంత్రం కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

"పారిపోయిందా?" అని అడిగాను.

"లేదు. ఏడ్చింది. ఏడవడం వేరు" అన్నాడు.

చదువు అయిపోయే ముందు ఆఖరి తరగతి పిల్లలు ఒక ఆట ఆడతారు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో పేరు వస్తుంది. ఆ మనిషిని నీళ్ళ తుపాకితో తడపాలి, తను తడవకుండా తప్పించుకోవాలి. ఈత నేర్చుకునే పసివాళ్ళ గాలి బుడగలు చేతులకి తొడుక్కుంటే ఎవరూ తడపకూడదు. మే నెల వస్తే దుక్కల్లాంటి కుర్రాళ్ళు చేతులకి రంగురంగుల బుడగలతో వీధుల్లో తిరుగుతుంటారు, చూసి ఊరంతా నవ్వుతుంది. బొమ్మ తుపాకి నారింజ రంగులో ఉండాలని బడివాళ్ళ రూలు. పిల్లలు వింటారా? నల్లరంగు పూసుకుంటారు.

ఆ ఏడు మే నెలలో ఒక రోజు, భోజనాల బెల్లు అయిపోయింది. చెంచో నా దగ్గర కాఫీ తాగుతున్నాడు. రేడియో మోగింది. రోడ్డు మీద వెళ్తున్న ఎవరో ఫోన్ చేశారట, కాలవ గట్టు పక్కనున్న బేస్‌బాల్ మైదానం దగ్గర కార్ల వెనక ఒక కుర్రాడు తుపాకితో నక్కి ఉన్నాడని.

"అది పిల్లల ఆట, రోనీ" అన్నాడు చెంచో రేడియోలో. "నేను ఇలాగే నడిచి వెళ్ళి చెవి పట్టుకొస్తా."

"కుదరదు మామా. తుపాకి అన్నారు. పూర్తి గేర్‌లోనే వెళ్ళాలి."

"ఒరేయ్, అది నీళ్ళ తుపాకిరా."

"కాకపోతే? మీరు వేసుకోకపోతే చెప్పండి, వేరేవాళ్ళు బయల్దేరుతున్నారు."

చెంచో కప్పు కింద పెట్టేశాడు. "వేసుకుంటున్నా. వాళ్ళని ఆగమను" అని పరుగెత్తాడు. వాళ్ళకన్నా ముందు వెళ్ళాలన్నదే ఆయన తొందర. వంటశాల వెనక తలుపు కాలవ వైపే ఉంటుంది, అక్కడికెళ్ళి నిలబడ్డాను.

చెంచో గట్టు మీద నుంచి వచ్చాడు, వెనకగా, చప్పుడు కాకుండా. కుర్రాణ్ణి అక్కణ్ణించి తప్పించేద్దామని. కార్ల వెనక కూర్చున్నది ఎలియూద్. యెసేనియా అనే పిల్ల బయటికొస్తే తడుపుదామని కూర్చున్నాడు. వాడు తల తిప్పాడు.

వాడికి కనిపించింది చెంచో కాదు. హెల్మెట్, నల్లద్దాలు, మూతికి గుడ్డ, తుపాకి. నది దగ్గరి సైనికులే తన కోసం వచ్చారనుకున్నాడు. పట్టుకుంటే అడిగే మొదటి మాట మీ అమ్మ ఎక్కడ అనే. వాడు లేచి ఒకటే పరుగు. చెంచో గుడ్డ వెనక నుంచి ఏదో అరిచాడు, చెయ్యి ఊపాడు. చెయ్యి ఊపితే తుపాకి కూడా ఊగింది. వాడు ఇంకా వేగం పెంచాడు. కాలవ అవతల ఉల్లి తోటలు, తోటల వెనక వాళ్ళ ఇల్లు. దూకేశాడు.

దూకాక మునిగాడు. తేలాడు. మళ్ళీ మునిగాడు.

చెంచో హెల్మెట్టు పీకి విసిరేశాడు, గుడ్డ లాగేశాడు. ఒక చేత్తో పట్టీ లాక్కుంటూ గట్టు అంచుకి పరుగెత్తుతున్నాడు. నేను గొంతు చించుకుని అరిచాను. "బూట్లు! చెంచో, బూట్లు! ఆగు!" జీవితమంతా అందరికీ ఆ ముక్కే చెప్పిన మనిషి. ఆగలేదు. జాకెట్టుతో, బూట్లతో, కొక్కేనికి వేలాడుతున్న రైఫిలుతో దూకాడు.

నేను గట్టు దగ్గరికి చేరేసరికి ఎలియూద్ తాడు పట్టుకుని ఉన్నాడు. నీళ్ళతో పోట్లాడకుండా మొహం పైకి పెట్టి పడుకున్నాడట, తాడు తగిలిందట. చెంచో తల ఒకసారి పైకొచ్చింది, వాడికి మూరెడు దూరంలో. అప్పుడు చూశాడు వాడు ఆ మొహం.

"మామా!" అని ఒక చెయ్యి తాడు మీద ఉంచి రెండో చెయ్యి చాపాడు. చెంచో ఆ చేతిని అందుకోలేదు. తాడు కింద నుంచి వెళ్ళిపోయాడు.

ఎలియూద్‌ని నేనూ యెసేనియా పైకి లాగాం. వణికిపోతూ నా ఒళ్ళో పడి, "మొహం చూపించి ఉంటే ఆగేవాణ్ణి అత్తా, ఒక్కసారి గుడ్డ తీసి ఉంటే ఆగేవాణ్ణి" అని అదే మాట అంటూ ఉండిపోయాడు. ఏం చెప్పను నేను?

సాయంత్రమైనా మనిషి దొరకలేదు. దాలియా ఆసుపత్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చి పెసీనా చేతులు పట్టుకుంది.

"నీళ్ళు ఆపించు రోనీ. తూములు దించితే కాలవ ఖాళీ అవుతుంది. మా నాన్న కనిపిస్తాడు."

పెసీనా ఫోన్లు చేశాడు. నీళ్ళ ఆఫీసువాళ్ళు కుదరదన్నారట. ఉల్లి రైతుల వంతు నడుస్తోందట, ఆపాలంటే పైనుంచి అనుమతి రావాలట. "రేపు చూద్దాం దాలియా" అన్నాడు. ఆ పిల్ల గట్టు మీదే కూలబడింది. ఎంత లాగినా లేవలేదు. నీళ్ళు ఉల్లి తోటలకి పోతూనే ఉన్నాయి.

తెల్లారాక తూముల మనిషి వచ్చి చెప్పాడు, చెంచో కింద వంతెన దగ్గర ఇనప జల్లెడకి తగులుకుని ఉన్నాడని. జాకెట్టు ఒంటి మీదే ఉంది. ఒక్క పట్టీ మాత్రం ఊడి ఉంది. కొక్కెం విరిగిపోయింది. రైఫిలు లేదు.

రైఫిలు లేదని తెలిశాక చూడాలి హడావిడి! ఫోన్లు, కార్లు, ఎవరెవరో కోట్లు వేసుకున్నవాళ్ళు. మధ్యాహ్నానికల్లా తూములు దిగాయి. ఉల్లి రైతుల వంతు ఏమైందో, పైనుంచి అనుమతి ఎప్పుడొచ్చిందో మాకెవరూ చెప్పలేదు. మా కళ్ళ ముందే కాలవ ఎండిపోయింది. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. బురదలో టైర్లు, సీసాలు, ఎవరిదో సైకిలు. వాటి పక్కన రైఫిలు. ఇద్దరు దిగి, జిమ్‌లోంచి తెప్పించిన తెల్లటి తువ్వాల్లో చుట్టి, రెండు చేతులతో పైకి అందించారు.

దాలియా జనంలోంచి ముందుకు వచ్చింది. కేకలు పెట్టలేదు.

"రోనీ, నిన్న మా నాన్న కోసం అడిగాను. ఆగలేదు. ఇవాళ దేనికోసం ఆగాయి?"

పెసీనా తువ్వాలు వైపు చూశాడు, తర్వాత బురద వైపు చూశాడు. తోమాసా పెద్దమ్మ శాలువాతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఆవిణ్ణి నేను ఏమీ అనలేదు. ఆవిడ భయం అబద్ధం కాదు.

చర్చిలో అంత్యపూజ రోజున చెంచోకి గౌరవం చేస్తామని పెసీనా మనుషులు ద్వారానికి రెండు వైపులా బారులు తీరారు. అందరూ పూర్తి వేషంలో. హెల్మెట్లు, అద్దాలు, గుడ్డలు, తుపాకులు. నేను మెట్ల మీద ఉన్నాను. రోడ్డు అవతల ఎలియూద్, ఫెలా కనిపించారు. వాడు తెల్ల చొక్కా వేసుకున్నాడు, చేతిలో బంతిపూలు. వాళ్ళు రోడ్డు మీదికి దిగబోయి బారుని చూసి ఆగిపోయారు. ఫెలా కొడుకు మోచెయ్యి పట్టుకుంది.

మెట్లు దిగి ఆ బారు ముందు నిలబడ్డాను.

"మొహాలు చూపించండిరా! నువ్వు రఫాయెల్‌వి కాదూ, నీకు బీన్స్ పడవని వేరే వండి పెట్టాను. నువ్వు చూయ్ తమ్ముడివి. నా చేతి అన్నం తిని నా ముందే గుడ్డలు కట్టుకుంటారా? తీయండి! అక్కడొక పిల్లాడు లోపలికి రావాలి. మీలో ఎవరెవరో తెలిస్తేనే వస్తాడు."

అద్దాలన్నీ పెసీనా వైపు తిరిగాయి. వాడు నేల చూపులు చూస్తున్నాడు. చివరికి బారు కొసన ఉన్న ఒకడు హెల్మెట్టు తీశాడు, గుడ్డ కిందికి లాగాడు. రఫాయెలే. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"అత్తా, ఎవరు రావాలి?" అన్నాడు.

చూపిద్దామని వెనక్కి తిరిగాను. రోడ్డు అవతల ఎవరూ లేరు. పూలు మాత్రం కాలిబాట అంచున పెట్టి ఉన్నాయి. ఆ మర్నాడు ఉల్లి షెడ్డుకి ఫెలా రాలేదు. వాళ్ళ ఇంటికి వెళ్తే తలుపు తీసే ఉంది, పొయ్యి మీద బీన్స్ గిన్నె అలాగే ఉంది, పారిపోయారో, పట్టుకుపోయారో తెలీదు, మనుషులు లేరు.